ఎర్ర చారల స్ట్రా

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్న దాని బరువు ఆరు మిల్లీగ్రాములు. నేనే తూచాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను. చిటికెన వేలి గోరులో సగం కూడా ఉండని నల్లటి రేకు. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. కానీ ఎగిరిపోలేదు. చిన్న గాజు సీసాలో, దూది మధ్య, నా బీరువాలో శీతాకాలం బట్టల కింద భద్రంగా ఉంది. దాని పక్కన కూల్‌డ్రింకు తాగే స్ట్రా ముక్క ఒకటి ఉంది. ఎర్ర చారలది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి ఎవరికీ చెప్పలేకపోయాను, మా ఆవిడకి కూడా. ఆ సీసా ఏంటని ఆమె ఒకసారి అడిగితే, పాత ప్రయోగం తాలూకు ముక్క అన్నాను. అది అబద్ధం కాదు. నేను అబద్ధాలు చాలా తక్కువ ఆడతాను. నిజానికి ఈ కథలో కూడా ఆడింది ఒక్కటే.

నా పేరు రాయను. కాలేజీ పేరూ, ఆ స్ఫటికంలో ఏమేం మూలకాలున్నాయో కూడా చెప్పను. ఈ రంగంలో ఉన్నవాళ్ళు నన్ను పట్టుకోవడానికి ఆ కాస్త చాలు. చూశారా, తప్పు ఒప్పుకుందామని కూర్చుని మొదట చేసిన పని దాక్కోవడం. నేనెలాంటి వాణ్ణో మీకు ఈపాటికి కొంత అర్థమై ఉంటుంది.

మాది తెనాలి. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో వారానికి మూడు రోజులు తెనాలిలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పి, మిగతా మూడు రోజులు పరిశోధన కోసం రైల్లో బాపట్ల వెళ్ళేవాణ్ణి. అక్కడ మా ల్యాబు ఒకే గది. స్ఫటికాలు పెంచే ఒక కొలిమి, ఒక పాత ఎలక్ట్రోమాగ్నెట్, రెండు బల్లలు, చినుకు పడితే పోయే కరెంటు. మా గైడుగారి దగ్గర మేమిద్దరమే ఉండేవాళ్ళం. నేను సీనియర్ని. నా తర్వాత చేరిన అమ్మాయిని ఇక్కడ ఎస్తేరు అని పిలుస్తాను. అసలు పేరు వేరు.

ఎస్తేరుది రేపల్లె. వాళ్ళ నాన్నగారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మా పనికి లిక్విడ్ నైట్రోజన్ కావాలి, స్ఫటికాన్ని బాగా చల్లబరిస్తే గానీ అందులో అయస్కాంత గుణం బయటపడదు. మా గైడుగారు దానికోసం ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి విసిగిపోయారు. ఎస్తేరు చేరిన నెలకే ఆ సమస్య తీరింది. గేదెలు చూలు కట్టడానికి వేసే సూదుల మందు పాడవకుండా పశువుల ఆసుపత్రిలో ఉంచేది ఆ నైట్రోజన్‌లోనేనట. వాళ్ళ నాన్నగారు డాక్టరుగారి అనుమతి అడిగి, క్యాను మార్చే రోజు అడుగున మిగిలింది ఫ్లాస్కులో పోసి ఇచ్చేవారు. మూత బిగిస్తే పేలుతుంది కాబట్టి మూతికి దూది కప్పి, ఒళ్ళో పెట్టుకుని, రేపల్లె నుంచి తెనాలి దాకా పాసింజర్లో తెచ్చేది. దూదిలోంచి తెల్లటి పొగ వస్తుంటే పక్కనున్నవాళ్ళు కాఫీ అనుకుని, "ఓ గుక్క పొయ్యమ్మా" అని అడిగేవారట. తెనాలిలో బండి దిగేది. నేను ప్లాట్‌ఫారం మీద ఎదురుచూసేవాణ్ణి. ఇద్దరం కలిసి బాపట్ల బండి ఎక్కేవాళ్ళం. నన్ను అన్నయ్యా అనేది.

మేం ఏం వెతుకుతున్నామో కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నేను ఆమె దగ్గర ఏం లాక్కున్నానో మీకు తెలియదు.

మా స్ఫటికం పూతరేకులా పొరలు పొరలుగా ఉండేది. సెల్లో టేపు అంటించి లాగితే పొర లేచి వచ్చేది. అలా లాగుతూ పోయి, చివరికి ఒకే ఒక్క పొర మిగిలితే, పొడవూ వెడల్పూ తప్ప మందం అంటూ లేని ఆ పొరలో కూడా అయస్కాంతం నిలుస్తుందా? ఇది మా గైడుగారి కల. పొరలో ఉన్న ఒక్కొక్క పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం అనుకోండి. వాటికి పొరలో ఎటు తిరిగినా ఒకటే అయితే, కాస్త వేడి తగలగానే వరస తప్పి చెదిరిపోతాయి. సిద్ధాంతం అలా చెబుతుంది. అలా కాకుండా వాటికి ఒక దిక్కు మీద పట్టింపు ఉంటే, పొరకి నిటారుగానే నిలబడతామని పట్టుబడితే, అప్పుడు ఒక్క పొరలోనైనా నిలిచే ఆశ ఉంటుంది. ఆ పట్టింపునే మేం యానిసోట్రోపీ అంటాం. అందుకని అన్నిటికంటే ముందు తేలాల్సింది మా స్ఫటికానికి ఇష్టమైన దిక్కు ఏది అన్నదే. పొర వెంటా, పొరకి నిటారుగానా?

పల్చటి రేకులో అయస్కాంతం మామూలుగా రేకు వెంటే పడుకుంటుంది. మా గైడుగారు ఇక్కడా అంతే అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఎస్తేరు ముందుగా ఏమీ అనుకోలేదు. చూసింది.

వాళ్ళమ్మ పాత పట్టుచీర అంచులోంచి ఒంటిపోగు లాగి, దానికి రేకుని వేలాడదీసి, నైట్రోజన్‌తో చల్లబరిచిన గాజు గొట్టంలో ఎలక్ట్రోమాగ్నెట్ రెండు ధ్రువాల మధ్య ఉంచింది. కరెంటు వేస్తే, పొర వెంట ఇష్టమున్న రేకైతే తన అంచుని ధ్రువం వైపు తిప్పాలి. ఇది అలా తిప్పలేదు. ఎవరో పిలిచినట్టు మెల్లగా తిరిగి, ముఖాన్ని ధ్రువం వైపు పెట్టి ఆగింది. దారం మెలి వల్ల తిరిగిందేమోనని ఎస్తేరు దారం మార్చింది. రేకుని తలకిందులుగా కట్టింది. కరెంటు అటూ ఇటూ మార్చింది. ప్రతిసారీ అదే. ప్రతిసారీ నోటుబుక్కులో రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత కూడా లేదు.

నేను అప్పుడు ఏమనుకున్నానో నిజం చెప్పాలి. బాగుంది అనుకోలేదు. ఇది తప్పయితే బాగుండు అనుకున్నాను. ఎందుకు? నాకు ఆమె మీద కోపం లేదు. ఇష్టం కూడా, చెల్లెలి మీద ఉండే ఇష్టం. మరి ఎందుకు? నేను రెండేళ్ళుగా పెద్ద యంత్రం మీద కొలుద్దామని ఉత్తరాలు రాసుకుంటూ, గైడుగారి వెనక తిరుగుతూ ఉంటే, నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి ఒక చీరపోగుతో తేల్చేయడం నాకు మింగుడు పడలేదు. ఇదే కారణం. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను, దొరకలేదు.

అయస్కాంత గుణాన్ని కచ్చితంగా కొలిచే ఆ పెద్ద యంత్రం దూరపు నగరంలో ఒక సంస్థలో ఉంది. ఒక్కరోజు వాడుకోవడానికి మాకు వంతు వచ్చేసరికి ఎనిమిది నెలలైంది. ఆ యంత్రంలోకి నమూనాని స్ట్రాలో పెట్టి దింపుతారు. నవ్వకండి, అంత ఖరీదైన యంత్రానికీ అదే పద్ధతి. తెనాలి స్టేషను బయట సోడా కొట్టులో రెండు రంగుల స్ట్రాలు ఏరి కొన్నాను. ఒకే స్ఫటికం నుంచి రెండు రేకులు కోశాం. ఎర్ర చారల స్ట్రాలో రేకుని పడుకోబెట్టాలి. అప్పుడు యంత్రంలోని అయస్కాంత క్షేత్రం కింది నుంచి పైకి రేకు ముఖంలోంచి దూసుకుపోతుంది. నీలం చారల దాంట్లో రేకుని నిలబెట్టాలి. అప్పుడు క్షేత్రం పొరల వెంట పోతుంది. రెండు పక్కలా దూది కూరితే లోపల రేకు ఎలా ఉందో బయటికి కనపడదు. బయటికి కనిపించేది స్ట్రా రంగే.

నేను బయల్దేరే రోజు పొద్దున కరెంటు లేదు. చెమటలు కక్కుతూ బల్ల మీద ఆ రెండు స్ట్రాలూ సర్దుతున్నాను. ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. ఆపడం మరిచిపోయిన ఫ్యాను తిరిగింది. పట్టకారు మీద ఉన్న రేకు ఎగిరిపోయింది. మోకాళ్ళ మీద పాకి, బల్ల కింద, బీరువా కింద వెతికాను. దొరికేసరికి బండికి ఇరవై నిమిషాలుంది. గబగబా సర్దేసి పరిగెత్తాను. ఈ సంగతి తర్వాత నేనే నవ్వుతూ ఎస్తేరుకి చెప్పాను.

ఫలితాలు వచ్చాయి. ఎర్ర స్ట్రాలో రేకు క్షేత్రానికి లొంగడానికి మొరాయించింది. నీలం స్ట్రాలోది ఇట్టే లొంగింది. అంటే పొర వెంటే ఇష్టం, అందరం అనుకున్నట్టే. గైడుగారు ఆ గ్రాఫు కాగితాలని ఎస్తేరు ముందు పెట్టి, కోపంగా కాదు, మెత్తగానే, దారాన్ని నమ్ముకుంటే ఇంతేనమ్మా అన్నారు. మంచి మనిషి. నేను రాసిన పేపర్లో మూడో పేరుగా ఆమెది కూడా చేర్పించారు, కష్టపడింది కదా అని. ఎస్తేరు తన నోటుబుక్కు చాలాసేపు తిప్పింది.

పేపరు పోస్టు చేసిన నాలుగు రోజులకి, స్ట్రాలలో ఉన్న రేకుల్ని మళ్ళీ వాడుకుందామని తీశాను. స్ఫటికం పెరగడానికి వారాలు పట్టేది, పారేసుకునే స్థితి మాకు లేదు. ల్యాబులో ఒక్కణ్ణే ఉన్నాను. ఎర్ర స్ట్రాని బ్లేడుతో నిలువునా చీల్చాను. దూది పక్కకి తీశాను.

రేకు నిలబడి ఉంది.

నీలం స్ట్రా చీల్చాల్సిన అవసరం లేదు. అయినా చీల్చాను. అందులోది వెల్లకిలా పడుకుని ఉంది.

అంటే రేకు ఎగిరిన గాభరాలో నేను ఒకదానికి ఒకటి మార్చి పెట్టాను. అంటే గ్రాఫులు తలకిందులు. అంటే ఎస్తేరు చీరపోగు చెప్పిందే నిజం. మా స్ఫటికంలో అయస్కాంతం పొరకి నిటారుగా నిలబడుతుంది. గైడుగారి కలకి కావలసిందే అది.

ఇప్పటి దాకా జరిగింది పొరపాటు. పొరపాటుకి నేను మిమ్మల్ని క్షమాపణ అడగను, అది ఎవరికైనా జరుగుతుంది. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది భయం కూడా కాదు. తలుపు వైపు చూశాను. ఎవరూ చూడలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి నాకింకా గుర్తుంది. తర్వాత వచ్చాయి మిగతావన్నీ. పేపరు పోయింది, వెనక్కి ఎలా తెప్పించాలి? వచ్చే నెల తెనాలిలో పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, దరఖాస్తులో ఆ పేపరు రాసేశాను. స్ట్రాలు కూడా సరిగ్గా పెట్టుకోలేనివాడని గైడుగారు అనుకుంటే? ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. పేపరు అచ్చు కావడానికి ఇంకా నెలలు పడుతుంది. నాకు టైము లేక కాదు.

మూడు రోజుల తర్వాత తెనాలి స్టేషన్లో ఎస్తేరు రేపల్లె బండి దిగింది. చేతిలో ఫ్లాస్కు, భుజానికి సంచి. బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, ఒకటి అడుగుతానండి. ఏమీ అనుకోకండి."

"అడుగమ్మా."

"స్ట్రాలు సర్దింది మీరే కదండి. ఎర్రదాంట్లో రేకుని పడుకోబెట్టే పెట్టారా? ఆ రోజు ఫ్యాను తిరిగి రేకు ఎగిరిపోయిందన్నారు కదా, అందుకని."

ఎక్కడ వేలు పెట్టాలో సరిగ్గా అక్కడే పెట్టింది. నేనప్పటికి చూసేశాను. చీల్చిన స్ట్రా నా సంచిలోనే ఉంది, ఆ బెంచీ మీదే, ఇద్దరి మధ్యా.

"నన్ను అనుమానిస్తున్నావా ఎస్తేరూ?"

"అయ్యో, లేదండి! మిమ్మల్నెందుకు అనుమానిస్తాను? రాత్రంతా ఆలోచించానండి. నేను చూసిందేంటి, అక్కడ వచ్చిందేంటి అని. మీరు చెప్పారంటే ఇంక వదిలేస్తాను. అందుకే అడుగుతున్నా."

"చూసే పెట్టాను. మారలేదు."

"సరేనండి," అంది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "అయితే నా కళ్ళే తప్పు చూశాయన్నమాట," అంది.

లేచి ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళింది. ఫ్లాస్కు మీద దూది తీసి, నైట్రోజన్ మొత్తం పట్టాల మధ్య ఒంపేసింది. తెల్లటి పొగ లేచింది. టీ అమ్మే ఆయన ఏంటమ్మా అది అని కేకేశాడు. ఏం లేదండి, నీళ్ళే అంది. ఖాళీ ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని వచ్చి, బాపట్ల బండి వస్తుందంటున్నారు అన్నయ్యా, పదండి అంది. ఆ రోజంతా నాతో మామూలుగానే మాట్లాడింది. మళ్ళీ ఎప్పుడూ ఫ్లాస్కు తేలేదు.

ఆరు నెలలకి పరిశోధన మానేసింది. రేపల్లె దగ్గర ఒక స్కూల్లో టీచరుగా చేరింది. మానవద్దని గైడుగారు చెప్పి చూశారు. నేనూ చెప్పాను. ఊహించుకోండి, నేను కూడా చెప్పాను! తప్పు అందరికీ జరుగుతుందమ్మా, దానికే మానేస్తారా అన్నాను. చేసిన మోసం కంటే ఆ ఓదార్పే ఎక్కువ నీచం అనిపిస్తుంది.

నాకు ఉద్యోగం వచ్చింది. తర్వాత డాక్టరేటూ వచ్చింది. మా స్ఫటికానికి ఒక్క పొరలో నిలిచే ఆశ లేదని గైడుగారు ఆ పని పక్కన పడేశారు. కొన్నేళ్ళకి ఆయన పోయారు. తన కల తన గదిలోనే ఒక చీరపోగుకి వేలాడిందని ఆయనకి తెలియదు. ఇది కూడా నా లెక్కలోకే వస్తుంది.

ఇన్నాళ్ళూ ఏమనుకున్నాను? తన జీవితం బాగానే ఉంది కదా, టీచరు ఉద్యోగం మంచిదే కదా అనుకున్నాను. పరిశోధన అందరికీ అచ్చిరాదు అనుకున్నాను. ఏదో ఒకటి అనుకుంటూ రోజులు దొర్లించాను. పోయిన నెల రేపల్లె వెళ్ళే దాకా.

ఎస్తేరు వాళ్ళ నాన్నగారు చనిపోయారు. ఆదరణ కూడికకి రమ్మని కబురొస్తే వెళ్ళాను. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరం ముందు గదిలో కూర్చున్నాం. గోడ మీద, క్రీస్తు పటం పక్కన, ఇంకో పటం ఉంది. ముందు అర్థం కాలేదు. లేచి దగ్గరికి వెళ్ళి చూశాను. మా పేపరు మొదటి పేజీ. జిరాక్సు తీయించి, అద్దం వేసి, ఫ్రేము కట్టించారు. మూడో పేరు కింద నీలం సిరాతో గీత ఉంది. ఇంగ్లీషు అంతగా రాని ఆ కాంపౌండరుగారు, క్యాను అడుగు నైట్రోజన్ ఒంపి ఇచ్చిన ఆయన, నేను రాసిన అబద్ధం కింద తన కూతురి పేరుకి గీత గీసుకుని రోజూ చూసుకున్నారు.

వాళ్ళ పిన్నిగారు ఎవరో అది ఏంటని అడిగారు. ఎస్తేరు నా వైపు తిరిగి, తండ్రి పోయిన ఆ ముఖంతోనే చిన్నగా నవ్వింది.

"అన్నయ్య వాళ్ళు రాసిందండి పిన్నీ. నేను అప్పట్లో తప్పు చూశాను. వీళ్ళే దగ్గరుండి సరిచేశారు. లేకపోతే తప్పుదే అచ్చయ్యేది, నాన్న పరువు పోయేది."

తర్వాత, నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చి, ఇప్పటికీ స్కూల్లో మార్కుల లిస్టు రాస్తే పక్క టీచరుతో ఒకసారి చదివించుకుంటానండి, నా కళ్ళ మీద నాకే నమ్మకం లేదు అంది. మామూలుగా, తలనొప్పి గురించి చెప్పినట్టు చెప్పింది.

అప్పుడైనా చెప్పాలి కదా. గేటు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా. లోపల ఆమె తండ్రి కోసం పాడుతున్నారు. ఇవాళ వద్దులే, ఇంత బాధలో ఉంది అనుకున్నాను. నాకెప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతూనే ఉంటుంది. సరేనమ్మా, జాగ్రత్త అని చెప్పి తెనాలి బండి ఎక్కాను. దారి పొడుగునా ఏడ్చాను. పక్కనాయన, ఎవరన్నా పోయారా బాబూ అని అడిగాడు. అవునండి అన్నాను.

నేను ఆమె దగ్గర ఏం తీసుకున్నానో అప్పుడు తెలిసింది. పట్టా కాదు, పేరు కాదు. తన కళ్ళతో తను చూసిన దాన్ని నమ్మే ధైర్యం. అలా చూడగలిగినవాళ్ళు నా అనుభవంలో ఆమె తప్ప ఇంకొకరు లేరు. నేను ఇప్పుడు నిజం చెప్పినా అది తిరిగి వస్తుందా? ఇన్నేళ్ళ తర్వాత? పోయిన వాళ్ళ నాన్నగారికి ఆ గోడ మీది కాగితం గురించి ఏమని చెప్పాలి? నాకు తెలియదు. నన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, మీరు క్షమిస్తామన్నా ఆ క్షమ ఇవ్వాల్సింది మీరు కాదు.

ఉత్తరం రాశాను. ఒకటి ఆమెకి, ఒకటి ఆ పత్రికకి. వాటి మీద నా పేరు ఉంది. గాజు సీసా, స్ట్రా ముక్క బీరువాలోంచి తీసి అట్టపెట్టెలో పెట్టి దారం కట్టాను. బల్ల మీద ఉన్నాయి. రేపు పోస్టాఫీసుకి వెళతానా? ఒట్టు వేయను, నా సంగతి నాకు తెలుసు. కానీ ఇక్కడిదాకా రాశాక ఒక్క పని చేయగలిగాను. ఆ ఒక్క వాక్యం ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పైకి అనలేదు నేను, గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు తలుపు వేసుకుని, గొంతు సవరించుకుని, తెనాలి స్టేషన్లో ఆ బెంచీ మీద అనాల్సింది అన్నాను. మీరూ వినండి.

ఎస్తేరూ, ఎర్ర చారల స్ట్రాలో రేకు నిలబడి ఉందమ్మా. నేను చూశాను. నీ కళ్ళు తప్పు చూడలేదు.